మెట్టసీమ బావులు - గారపండ్ల లెక్క



ఊరి ఆరోగ్యమును గూర్చి మాటలాడునపుడు మనము సామాన్యముగా వైద్యుని గూర్చియు, మందులను గూర్చియు, ఆసుపత్రి ఎంత దూరమున నున్నదను విషయమును గూర్చియు ముచ్చటించుకొందుము. అవి యన్నియు వలసినవే. కాని వానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ యూరిని పట్టి పీడించుచున్న రోగమేది? అది యెందఱికి వచ్చినది? ఏ వయస్సువారికి, ఏ వాడవారికి, ఏ బావినీరు త్రాగువారికి వచ్చినది? ఈ ప్రశ్నలకు సమాధానము లేకుండ చేసిన యేర్పాటు చీకటిలో విసరిన రాయివంటిది. తమ రోగమును తామే మొదట గుర్తించియు దాని పేరెఱుగక, పేరు తెలిసిన పిమ్మటను మంచినీరు దొరకక, మూడు తరములవారు నడుము బిగిసి బ్రతికిన చరిత్రను నేడు మీకు మనవి చేయదలచితిని. అది దూరదేశపు కథ కాదు, మన తెలుగునాటిదే.

పూర్వము చెన్నరాజధానిలో ఊరి జననమరణములను పుస్తకమున కెక్కించు బాధ్యత గ్రామ మునసబుది. 1899లో ఇందులకై యొక చట్టము కూడ చేయబడెను. తలారి వచ్చి ఫలానివారి ఇంట ఒకరు కాలము చేసిరని చెప్పగా, మునసబు పేరును వయస్సును కారణమును వ్రాసికొనెడివాడు. కలరా యైనను మశూచి యైనను ఊరందఱకు తెలిసినదే గనుక అవి సరిగనే యెక్కెడివి. తక్కినవానిలో పెక్కు ‘జ్వరము’ అను నొక్క మాటక్రింద చేరిపోయెడివి. ఇందులో మునసబును తప్పుపట్ట పని లేదు. అతడు వైద్యుడు కాడు, పంచనామా వ్రాయువాడును కాడు. ప్రజారోగ్యమును పరిశీలించి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘమువారు కూడ ఈ లెక్కల లోపమును ఎత్తిచూపక తప్పలేదు. 1984లో మునసబు కరణముల ఉద్యోగములే రద్దైపోయినవి. ఆ పుస్తకములు మాత్రము కొన్ని చోట్ల నిలిచియున్నవి.

ఆ పుస్తకమున నున్న అసలు కొఱత కారణము సరిగా వ్రాయకపోవుట కాదు. అది మరణించినవారిని మాత్రమే యెఱుగును. మెడ ప్రక్కకు త్రిప్పలేనివాడు, పీటమీద కూర్చుండి లేవలేనివాడు, నలువదవ యేటనే మంచము పట్టినవాడు చావలేదు గనుక అందులోని కెక్కడు. ముప్పది యేండ్ల తరువాత చనిపోయినపుడు ఎక్కినను ‘వృద్ధాప్యము’ అని యెక్కును. కావున ఒక సీమ సీమయంతయు కుంటువడుచున్నను ఆ పుస్తకమును చూచినవారికి ఆ యూళ్ళు క్షేమముగానే కనిపించును.

అట్టి సీమ నెల్లూరు జిల్లాలో నుండెను. నెల్లూరనగానే మనకు పెన్న క్రింది మాగాణులును మొలగొలుకుల బియ్యమును జ్ఞప్తికి వచ్చును. కాని ఆ జిల్లా వాయవ్యభాగమున పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు వేఱు లోకము. ఇవి 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకే ప్రకాశము జిల్లా అని పేరు పెట్టిరి. అక్కడ వాన తక్కువ, నేల గట్టి, చెఱువులు నిండు యేడు అరుదు. జొన్నయు సజ్జయు వరిగయు పండును. త్రాగుటకు బావినీరే దిక్కు. నేలక్రిందనున్న నల్లసేనపు రాతిలో ఫ్లోరిను అను ధాతువుగల ఖనిజములు కలవు. వాన పుష్కలముగా కురియుచోట నీరు రాతిని తాకి సాగిపోవును. కఱవు సీమలో అట్లు కాదు. నీరు రాతిసందులలో ఏండ్లకొలది నిలిచి, ఆ ఖనిజములను కరగించుకొని, సున్నపుపాలు తగ్గి, చౌడెక్కి బావిలోనికి వచ్చును. చూచుటకు తేటగనే యుండును. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఈ రోగమును మొదట బయటపెట్టినది వైద్యులు కారు. 1930 ప్రాంతముల నెల్లూరు జిల్లా రైతులు తమ యెద్దులు కీళ్ళు బిగిసి, నొప్పితో నడువలేకపోవుట గమనించిరి. కొలది యేండ్లకు అదే లక్షణము మనుష్యులయందును కానవచ్చెను. ఎద్దులయందు ముందు తెలియుటలో వింత లేదు. ఎద్దు అడుగు తడబడిన దినముననే రైతు దాని కాలు పట్టి చూచును. అది పండుకొన్నచో సేద్యము పండుకొనును. ఇంటి కోడలు నీళ్ళబిందె ఎత్తలేక గోడ పట్టుకొని నిలిచినచో, పని తప్పించుకొనుచున్నదని యనువారు లేకపోలేదు.

రోగము నడచు తీరును మీరు తెలిసికొనుట అవసరము, ఏలయనగా లెక్కించు విధానమంతయు దానిమీదనే ఆధారపడియున్నది. పాలపండ్లు ఊడి వచ్చు శాశ్వతదంతములు చిగుళ్ళలో, దవడలో, పుట్టినది మొదలు ఇంచుమించు ఎనిమిదవ యేటివరకు తయారగుచుండును. ఆ కాలమున త్రాగిన నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నచో పంటిమీది పింగాణివంటి పొర చెడును. మొదట సుద్దచారలు, పిదప పసుపు గోధుమరంగు మరకలు, మఱి హెచ్చైనచో గుంటలు పడును. పన్ను ఏర్పడిన తరువాత ఎంత నీరు త్రాగినను ఆ గార పుట్టదు. ఒకసారి పుట్టిన గార తోమినను పోదు. ఎముక సంగతి వేఱు. అది జీవితాంతము ఫ్లోరైడును కూడబెట్టుకొనుచునే యుండును. పదిపదునైదేండ్లు, ఇరువదియేండ్లు గడచిన పిదప వెన్నుపూసలమధ్యనున్న నరములవంటి కట్లు కూడ ఎముకగా మాఱి, వెన్నంతయు ఒక్క కఱ్ఱయై పోవును. మెడ తిరుగదు. ఒకవైపు చూడవలెనన్న మనిషి మొత్తము తిరుగవలెను. తుదకు ఎముక పెరిగి వెన్నులోని నాడిని నొక్కి, కాళ్ళు పడిపోవుటయు కలదు. ఇంతవఱకు వచ్చినవానిని బాగుచేయు మందు నేటికిని లేదు.

ఈ కథలో సగము అమెరికాలో జరిగినది. అది చెప్పక మనవైపు సగము బోధపడదు. 1901లో ఫ్రెడరిక్ మెక్కే అను యువ దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్సు అను ఊరికి వచ్చి కాపురముండెను. ఆ యూరివారి పండ్లపై గోధుమరంగు మరకలను చూచి ఆశ్చర్యపడి కారణము నడుగగా, తలకొక మాట చెప్పిరి. ఆయన మాటలను విని ఊరకుండక లెక్క ప్రారంభించెను. 1909లో తెలిసినదేమనగా, ఆ యూర పుట్టిన పిల్లలలో నూటికి దాదాపు తొంబదిమందికి మరకలు కలవు. ‘ఆ యూర పుట్టిన’ అను మాటను గమనింపుడు. పెద్దయి వచ్చి చేరినవారికి మరక లేదు. కావున రోగము రక్తములో లేదు, ఊరిలో నున్నది. అందునను బాల్యములో నున్నది.

1923లో మెక్కే ఐడహో రాష్ట్రమందలి ఓక్లీ అను చిన్నయూరికి పోయెను. అక్కడి తల్లిదండ్రులే ఆయనకు దారి చూపిరి. అయిదు మైళ్ళ దూరముననున్న వేడినీటి ఊటనుండి ఊరికి గొట్టము వేయించిన తరువాతనే తమ పిల్లల పండ్లకు మరకలు వచ్చుచున్నవని వారు చెప్పిరి. ఆయన ఆ నీటిని పరీక్ష చేయించగా అనుమానింపదగిన దేదియు కానరాలేదు. ఐనను ఆ గొట్టమును విడిచి, సమీపమున నున్న మఱియొక ఊటనీరు వాడుడని సలహా చెప్పెను. ఊరివారు అట్లే చేసిరి. కొలది యేండ్లకు చిన్నపిల్లలకు తెల్లని పండ్లు మొలచినవి. విషము పేరు లోకమున నెవ్వరికిని తెలియకముందే ఒక పల్లె తన పిల్లలను కాపాడుకొన్నది! నా దృష్టిలో ఈ చరిత్రయంతటిలో దీనిని మించిన ఘట్టము లేదు. పరీక్షాశాల చెప్పలేని దానిని తల్లుల జ్ఞాపకము చెప్పినది. ఎప్పుడు నీరు మాఱినది, ఎప్పటి పిల్లలకు గార వచ్చినది అను రెండు కాలములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే వారు చేసిన పని.

విషము పేరు 1931లో తెలిసినది. ఆర్కన్సా రాష్ట్రములో బాక్సైటు అను గని యూరి పిల్లలకు గార కలదు. అయిదు మైళ్ళలోనున్న బెంటన్ పిల్లలకు లేదు. ఆ గనుల కంపెనీలో రసాయనశాస్త్రజ్ఞుడైన చర్చిల్ అనునాయన బాక్సైటు నీటిని క్రొత్తపద్ధతిని శోధించి లీటరునకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కలదని కనుగొనెను. ఆ మఱుసటి సంవత్సరమే డెన్మార్కు దేశమున, ఫ్లోరిను కలిగిన యొక ఖనిజపు దుమ్ములో పనిచేయువారి ఎముకలు గట్టిపడియున్నట్లు వైద్యులు చూచిరి. పండ్ల గుట్టు ఒకచోట, ఎముకల గుట్టు ఒకచోట బయటపడెను.

ఈ రెండును కలిసి ఒక్క నేలమీద, సామాన్య జనమున, త్రాగునీటివలననే కనిపించినది మన నెల్లూరు జిల్లాలో. చెన్నపట్టణమునకు చేరువనున్న గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్టును, మెక్రాబర్టు, బర్నార్డు, మన్నాడి నాయరు అను వైద్యులును కలిసి 1937లో భారత వైద్యపరిశోధన పత్రికయందు, చెన్నరాజధానిలోని ఫ్లోరోసిసు అను శీర్షికతో ఆ సంగతిని ప్రకటించిరి. మెక్రాబర్టు రోగుల నెఱిగిన వైద్యుడు, బర్నార్డు ఎక్సురేలలో ఆరితేరినవాడు. రోగి దేహమును, ఎముక బొమ్మను, బావినీటిని ముగ్గురు మూడుచోట్ల చూచి ఊరకుండక ఒక్క కాగితముమీదికి తెచ్చుటవలన ఈ నిర్ణయము సాధ్యమైనది. అంతవఱకు వాతమనియు పూర్వజన్మ పాపమనియు సరిపెట్టుకొన్న బాధకు నీరు కారణమని తేలెను.

పిదప పండిట్, రాఘవాచారి మొదలగువారు 1940లో మఱియొక మెట్టు ముందునకు పోయిరి. నీటిలో ఫ్లోరైడు ఒకే తీరున నున్నను అన్ని యూళ్ళలోను, అన్ని యిండ్లలోను రోగము ఒకే తీరున లేదు, ఏల? తిండి చాలనిచోట, అందునను విటమిన్ ‘సి’ గల కాయలు ఆకుకూరలు కరవైనచోట, ఎముకల రోగము తీవ్రముగా నున్నట్లు వారు గుర్తించిరి. అనగా ఒకే బావి ఉన్నవానికి గార నిచ్చి, లేనివానిని మంచమెక్కించును. ఊరి ఆరోగ్యమును లెక్కించువారు బావిని మాత్రము చూచి తృప్తిపడరాదనుటకు ఇదియే కారణము. ఏ ఇంట ఏమి వండుకొనుచున్నారో కూడ చూడవలెను. ఎండలో పనిచేయువాడు నీడనున్నవానికంటె ఎక్కువ నీరు త్రాగును గనుక విషమును కూడ అంతకంతగా త్రాగును. ఈ లెక్కలో కూలివాని పాలు ఎప్పుడును హెచ్చు.

ఇక లెక్కించు పద్ధతి. అమెరికాలో డీన్ అను దంతవైద్యుడు 1930 దశకమున పిల్లల పండ్లను చూచి ఊరి స్థితిని అంకెలలో చెప్పు విధానమును రూపొందించి 1942లో దానిని స్థిరపఱచెను. అది యెంత సులువో వినుడు. మంచి పన్నునకు సున్న. అనుమానముగా నున్నచో అర. అతి స్వల్పముగా సుద్దచార లున్నచో 1, స్వల్పమునకు 2, మధ్యమమునకు 3, గుంటలు పడి తీవ్రముగా నున్నచో 4. బడిలో ఏబదిమంది పిల్లలున్నారనుకొందము. ఇరువదిమందికి మంచి పండ్లు, నలుగురికి అనుమానము, పదిమందికి అతి స్వల్పము, ఎనిమిదిమందికి స్వల్పము, అయిదుగురికి మధ్యమము, ముగ్గురికి తీవ్రము. మొత్తము 55 వచ్చును. 50 చేత భాగింపగా 1.1. ఈ సంఖ్య 0.6కు మించినచో ఊరంతయు పూనుకొని నీటిని గూర్చి యోచింపవలసిన స్థితి వచ్చినదని డీన్ నిర్ణయము. పండ్ల పరీక్షలో తరబీతు పొందినవా డొక్కడు ఒక్క పూట పనిలో ఈ సంఖ్యను తేల్చగలడు. కత్తి యక్కఱలేదు, సూది యక్కఱలేదు.

అయితే ఇందులో ఒక మెలకువ కలదు. పిల్ల ఎక్కడ పుట్టినది, ఎనిమిదేండ్లలోపల ఏ యూరి నీరు త్రాగినది అడుగక లెక్క వేయరాదు. అమ్మమ్మ యింట పెరిగి నిన్న బడిలో చేరిన బాలుని తెల్లని పండ్లు మన బావిని నిర్దోషిగా చేయవు. పదునెనిమిదవ యేట కాపురమునకు వచ్చిన కోడలికి పండ్లు ముత్యములవలె నుండును. ఆమె మోకాళ్ళును నడుమును మాత్రము ఇరువదియేండ్లకు ఆ యూరివై పోవును. కావున పిల్లల పండ్లు ఒక లెక్క, పెద్దల కీళ్ళు వేఱొక లెక్క. పెద్దవానిని మూడు పనులు చేసి చూపుమని యడుగుట వైద్యుల వాడుక: వంగి కాలివ్రేళ్ళను తాకుట, గడ్డమును ఱొమ్మునకు ఆనించుట, చేతులు చాచి మడచి తల వెనుకకు చేర్చుట. ఇవి చేయలేని వారందఱు ఫ్లోరైడు రోగులని కాదు. వారిని వైద్యునికి చూపవలెనని మాత్రమే అర్థము.

రోగము తెలిసినది, కారణము తెలిసినది. మఱి నీరు ఎందులకు మాఱలేదు? ఇక్కడనే చరిత్ర చేదుగా నున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పల్లెలకు మంచినీటి పథకములు 1954నుండి జాతీయస్థాయిని ప్రారంభమైనవి. అప్పుడు అందఱి కన్నులముందున్న శత్రువులు కలరాయు నారికురుపును. దిగుడుబావులలో కాళ్ళు పెట్టి నీళ్ళు తోడుటచేత నారికురుపు వ్యాపించెడిది. మన తెలుగుసీమలలో అది యెందఱి పాదములను కుళ్ళింపలేదు! 1960 దశకపు కఱవుల తరువాత రాతిని తొలుచు యంత్రములు వచ్చెను. మూతగల గొట్టపుబావి, దానిమీద చేతిపంపు: ఇవి ఊరూర వెలసినవి. నారికురుపునకు ఇవి గొడ్డలిపెట్టైనవి. 1996 తరువాత మన దేశమున ఆ రోగి యొక్కడును లేడు. 2000లో దేశము ఆ పీడనుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచినది. ఇది మామూలు విజయము కాదు, దానిని తక్కువచేసి చెప్పుటకు నాకు మనసొప్పదు.

కాని ఆ పంపు ఏ లోతునుండి నీరు తెచ్చుచున్నదో చూచినవారు తక్కువ. వాననీరు చేరు పైబావికంటె, రాతిపొరలలో చిరకాలము నిలిచిన లోతునీటిలో అనేకచోట్ల ఫ్లోరైడు హెచ్చు. పురుగులేని నీరు వచ్చినది, విషముతో వచ్చినది. ఒక రోగమును లెక్కించి ఏర్పాటు చేసినవారు రెండవదానిని లెక్కింపక పోయిరి. పొదిలి కనిగిరి సంగతి 1937లోనే అచ్చైయుండగా, నల్లగొండ జిల్లాలో ఇదే రోగమున్నదని సిద్దీఖీ అను వైద్యుడు 1955లోనే బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసియుండగా, బావి త్రవ్విన తరువాతనైనను నీటిని శోధించు నియమము ఊరూర అమలు కాకపోవుటను నేను దురదృష్టమని సరిపుచ్చుకొనలేను. అది అశ్రద్ధయే. 1973లో హైదరాబాదు నందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి యనువారు ఫ్లోరైడు ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగిపోవు వికారమును వర్ణించిరి. అంతకుముందు ముదిమిలో వచ్చిన వంకర ఇప్పుడు బాల్యములోనికి దిగినదన్న మాట.

తరువాత వచ్చిన ఉపాయము మన ఊరిపేరు ధరించినది. నాగపురమందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు 1975 ప్రాంతమున ప్రకటించిన విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. నీటిలో తగుపాళ్ళలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి, మెల్లగా కలియబెట్టి, గంటసేపు తేఱనిచ్చి, పైనీటిని వంచుకొనుట. ఇంటి బానలోను చేయవచ్చును, ఊరి తొట్టిలోను చేయవచ్చును. ఇతర దేశములవారును దీనిని వాడిరి. మఱి ఏల నిలువలేదు? పటిక పాలు నీటిలోని ఫ్లోరైడును బట్టియు క్షారమును బట్టియు మాఱును. ఒక యూరి కొలత మఱియొక యూరికి పనికిరాదు. తక్కువైనచో విషము పోదు, ఎక్కువైనచో పటిక మిగులును. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పోయవలె? ప్రతిదినము ఎవరు కలియబెట్టవలె? తెల్లవాఱకముందే కూలికి పోవు ఆడుదానికి ఆ గంట ఎక్కడిది? నీటిని శోధించినవారు చేతులను శోధింపలేదు. ఏ యేర్పాటు చేసినను, ప్రతిదినము దానిని నడుపవలసిన మనిషి యెవరు, ఆ మనిషికి తీరిక కలదా యని ముందుగా విచారింపవలెనని ఈ ముచ్చటనుండి నేను గ్రహించినది.

ఇచ్చట ఒక తప్పుటభిప్రాయమును తొలగింపవలెను. నీటిని కాచి త్రాగినచో సర్వదోషములు పోవునని మనకు అలవాటుగా చెప్పుదురు. కలరా మొదలగు పురుగులవిషయమున అది పరమసత్యము. ఫ్లోరైడు విషయమున తలక్రిందులు. నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలిన నీటిలో విషము పాలు హెచ్చును. పప్పుడికిన నీటిలోను, కాఫీ టీలలోను, అంబలిలోను అది యుండును. త్రాగుటకు మంచినీరు తెచ్చుకొని వంటకు పాతపంపు నీరు వాడు ఇల్లాలు సగము జాగ్రత్తయే పడినట్లు.

నిలుకడగల మార్గము నదినీరే యని క్రమముగా తేలినది. 1955లో పునాది పడిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు దర్శి ప్రాంతమునకు కొంతమేర చేరినది, కనిగిరి ఎగువన మిగిలిపోయినది. ఒకే రోగమున్న రెండు తాలూకాలను కాలువ మట్టము విడదీసినది. సాగరమునకు అంటియున్న నల్లగొండ జిల్లాలోని పల్లెలు కృష్ణను కంటితో చూచుచు దశాబ్దములు బోరునీరే త్రాగినవి. 2016లో తెలంగాణములో ప్రారంభమైన మిషన్ భగీరథ క్రింద అక్కడి యిండ్లకు శుద్ధిచేసిన నదినీరు గొట్టములద్వారా చేరినది. 1937నుండి లెక్కింపుడు: 79 సంవత్సరములు. 1955నుండి యైనను 61.

ఇంతకాలము ఊరు ఏమి చేయగలిగియుండెను? భోర్ సంఘమువారు 1946 నివేదికలో ప్రతి పల్లెకు అయిదుగురు మొదలు ఏడుగురివఱకు జీతములేని సభ్యులతో ఒక ఆరోగ్యసంఘ ముండవలెనని చెప్పిరి. 1952 తరువాత ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు వచ్చినవి గాని, ఆ సంఘములు చాలచోట్ల కాగితములు దాటలేదు. 2019లో ఆరంభమైన జలజీవన మిషనులో ప్రతి యూరను అయిదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించుట నేర్పవలెనని యున్నది. అయిదు అను సంఖ్య మరల వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని నీరు మోయువారి చేతికే నీటి పరీక్షను ఇచ్చుట మాత్రము చాలకాలమునకు తోచిన మంచిబుద్ధి. చిన్నపెట్టెలోని మందుచుక్కలు వేసి రంగు మాఱుటను చూచినచో ఫ్లోరైడు ఇంచుమించుగా తెలియును. సందేహమున్నచో నీటిని జిల్లా పరీక్షాశాలకు పంపవలెను. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మేలు, వేఱు గతి లేనిచో 1.5 వఱకు అని మన దేశపు నిర్ణయము. అనగా వేయి లీటర్ల నీటిలో ఒకటిన్నర గ్రాము. అంతకు మించిన పంపునకు ఎఱ్ఱరంగు పూసి, త్రాగుటకు కాదని అందఱకు తెలుపవలెను. ఆ నీరు బట్టలు ఉదుకుటకును స్నానమునకును అడ్డులేదు.

నా మనవి ఒక్కటి కలదు. ఈ పరీక్షాఫలములు ఆఫీసు దస్త్రములలోనే యుండిపోవుచున్నవి. ఊరికి స్వంతమైన ఒక పుస్తకము పెట్టుడు. ప్రతి బావి, ప్రతి పంపు పేరు ఒక్కొక్క పుటకు వ్రాసి, త్రవ్విన సంవత్సరము, లోతు, ఎండకాలమున ఒకటి వానకాలమున ఒకటిగా ఫ్లోరైడు అంకెలు, ఏ వాడవారు త్రాగుచున్నారు అను సంగతి చేర్పుడు. ప్రక్కపుటలో ఆ వాడ పిల్లల పండ్ల సంఖ్య. మీలో కొందఱకు ఏ బావి ఏ కఱవులో త్రవ్విరో నోటికి వచ్చును. ఆ జ్ఞాపకము మీతో పోకముందు దానిని వ్రాయింపుడు. ఓక్లీ తల్లుల జ్ఞాపకమువంటిదే అది. కుళాయినీరు వచ్చిన యూళ్ళవారు కూడ ఈ పుస్తకమును మూయరాదు. గొట్టము పగిలిన వారమున, కరెంటు లేని దినమున, జనము పాతపంపు నొద్దకే పోవుదురు. అట్లు పోయిన దినములను కూడ వ్రాయవలెను.

నీరు మాఱినదా లేదా యని పండ్లను అడుగుటకు కొంత ఓపిక వలయును. పిల్లలకు ముందరి శాశ్వతదంతములు ఆఱవ యేటినుండి ఎనిమిదవ యేటిలోపల వచ్చును. ఈ యేడు మంచినీటితో పుట్టిన బిడ్డ నోటిలో సమాధానము ఏడవ యేటికి గాని కనబడదు. ఆ పుస్తకములో నేడు బిడ్డ పేరును, పుట్టిన తేదీని, ఆ యింటివారు త్రాగు నీటిని వ్రాసి, పండ్ల సంఖ్యకు చోటు ఖాళీగా విడిచిపెట్టుడు.